పాకెట్టు ఏ దారిన వచ్చింది? - సెగ్మెంట్ రూటింగ్‌లో దారుల గుర్తింపు, పరిశీలన

- బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి (గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్)

కంప్యూటర్ నెట్‌వర్క్‌లో పంపిన సమాచారం అవతలికి చేరిందా, లేదా? ఇది అందరూ అడిగే ప్రశ్న. ఫోనులో రెండు టిక్కులు పడితే జవాబు దొరికినట్టే. కాని చేరింది ఏ దారిన చేరింది? దారిలో ఎంత పోయింది? ఎక్కడ పోయింది? ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు తక్కువ, జవాబు చెప్పగలిగిన నెట్‌వర్క్‌లు ఇంకా తక్కువ.

ఇవి ఇంజనీర్ల ప్రశ్నలు, మనకెందుకులే అనుకోరాదు. మీ-సేవలో "సర్వర్ డౌన్" అని కాగితం అంటిస్తారు. రేషన్ షాపులో వేలిముద్ర మిషను తిరుగుతూనే వుంటుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో ట్యాబ్ పట్టుకున్న పిల్లవాడు "నెట్ లేదన్నా, రేపు రా" అంటాడు. సర్వర్ నిజంగానే పడిపోయిందా? దాని దాకా పోయే దారి తెగిందా? లేక రెండు దార్లుండి, ఒకదాంట్లో మాత్రమే పాకెట్లు రాలిపోతున్నాయా? ఈ తేడా తేలనంత కాలం తప్పు ఎవరిదో తేలదు. తేలనప్పుడు దాని నష్టం క్యూలో నిలబడ్డవాడి మీదనే పడుతుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దారిని ఎంచుకోవడం వేరు, దారిని గుర్తుపట్టడం వేరు. సెగ్మెంట్ రూటింగ్ అనే పద్ధతి మొదటి పనిని చాలా సులువు చేసింది. ఆ సులువు కోసం రెండో పనిని కొంత వదులుకున్నది. వదులుకున్నదాన్ని మళ్ళీ ఎట్లా సంపాదించుకున్నారు అన్నదే మన పాఠం.

పాత పద్ధతులు

నెట్‌వర్క్‌లో సమాచారం చిన్న చిన్న ముక్కలుగా ప్రయాణం చేస్తుంది. ఆ ముక్క పేరే పాకెట్టు. కూడళ్ళ దగ్గర నిలబడి "నువ్వు ఇటు పో, నువ్వు అటు పో" అని పంపే యంత్రం రూటర్. మామూలు ఐ.పి. పద్ధతిలో ప్రతి రూటర్ పాకెట్టు మీదున్న గమ్యం చిరునామా చూసి, పక్క రూటర్‌కు నెట్టేస్తుంది. పంపినవాడికి దారి తెలియదు. ఊరికి కొత్తగా వచ్చినవాడు చౌరస్తా చౌరస్తాకు ఆగి దారి అడుగుతూ పోయినట్టు వుంటుంది ఈ ప్రయాణం.

దీనికి మెరుగులు దిద్ది ఎం.పి.ఎల్.ఎస్. అనే పద్ధతి తెచ్చారు. దాని నిర్మాణాన్ని వివరించే ప్రామాణిక పత్రం ఆర్.ఎఫ్.సి. 3031 జనవరి 2001లో వెలువడింది. ఇందులో పాకెట్టు నెత్తిన ఒక లేబుల్ పెడతారు. లేబుల్‌కు మొత్తం 32 బిట్లు: 20 బిట్లు లేబుల్ నెంబరుకు, 3 బిట్లు తరగతికి, 1 బిట్టు "ఇదే అడుగు లేబుల్" అని చెప్పడానికి, 8 బిట్లు ఆయుష్షుకు. ఒక దాని మీద ఒకటి ఎన్ని లేబుళ్ళయినా పేర్చవచ్చు. బియ్యం బస్తాల దొంతర లాగా పై లేబుల్ తీస్తేనే కింది లేబుల్ కనపడుతుంది.

ఈ లేబుళ్ళతో ఫలానా దారినే పోవాలని ముందే నిర్ణయించుకోవడానికి ఆర్.ఎస్.వి.పి.-టి.ఇ. అనే ఏర్పాటు (ఆర్.ఎఫ్.సి. 3209, డిసెంబర్ 2001) వచ్చింది. దానిలో ఒక చిక్కున్నది. దారిలో వున్న ప్రతి రూటరూ ఆ దారిని తన పుస్తకంలో రాసుకోవాలి. పది దార్లయితే ఫరవాలేదు. వేల దార్లయితే మధ్య రూటర్లకు ఆ పద్దులు మోయడమే పెద్ద పనవుతుంది. కాని ఒక మేలు గూడా వున్నది. దారి గురించి అడిగితే ప్రతి రూటరూ చెప్పగలదు, ఎందుకంటే ప్రతిదాని పుస్తకంలోనూ దాని పేరున్నది.

సెగ్మెంట్ రూటింగ్ అంటే ఏమిటి?

సిస్కో సంస్థకు చెందిన క్లారెన్స్ ఫిల్స్‌ఫిల్స్, ఆయన సహచరులు ఈ బరువు తగ్గించే ఆలోచన చేశారు. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐ.ఇ.టి.ఎఫ్.లో దీనికోసం 2013లో 'స్ప్రింగ్' అనే బృందం ఏర్పడింది. జూలై 2018లో ఆర్.ఎఫ్.సి. 8402గా దీని స్వరూపం ఖరారయింది.

ఆలోచన చాలా సరళం. దారి మొత్తాన్ని మధ్య రూటర్ల పుస్తకాల్లో రాయడమెందుకు? పాకెట్టు మీదనే రాసి పంపుదాం. దారిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఒక నెంబరిస్తారు. ఆ ముక్కే సెగ్మెంట్. "ఫలానా రూటర్ దాకా దగ్గరి దారిన పో" అనే సెగ్మెంట్ ఒక రకం. "ఫలానా తీగ మీదుగానే పో" అనే సెగ్మెంట్ మరో రకం. మొదటి రూటర్ ఈ నెంబర్లను వరుసగా పేర్చి పాకెట్టుకు తగిలిస్తుంది. మధ్య రూటర్లు పైనున్న నెంబరు చూసి పని చేస్తాయి, ఆ దారిని గురించి ఏమీ గుర్తుపెట్టుకోవు.

దీనిలో రెండు శాఖలున్నాయి. సెగ్మెంట్ నెంబరును ఎం.పి.ఎల్.ఎస్. లేబుల్‌గా రాస్తే ఒక శాఖ (ఆర్.ఎఫ్.సి. 8660, 2019). 128 బిట్ల ఐ.పి. ఆరో వెర్షన్ చిరునామాగా రాస్తే రెండో శాఖ (ఆర్.ఎఫ్.సి. 8754, 2020). మనం ముఖ్యంగా మొదటి శాఖను చూద్దాం, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే వున్నది.

మన రోడ్ల మీద ఒక ఉదాహరణ

మిత్రులారా! లింగంపల్లి నుంచి సంగారెడ్డికి పోవడానికి మనకు రెండు దార్లు తెలుసు. ఒకటి బొంబాయి హైవే మీద పటాన్‌చెరు, రుద్రారం, కంది మీదుగా. రెండోది శంకర్‌పల్లి, ఎద్దుమైలారం మీదుగా వచ్చి కంది దగ్గర హైవే ఎక్కేది. ఈ ఊళ్ళలో ఒక్కొక్క రూటర్ వున్నదని ఊహించుకుందాం. ఇవి ఏ కంపెనీ రూటర్లూ కావు, కేవలం పాఠం కోసం పెట్టుకున్నవి.

సిస్కో రూటర్లలో ఈ సెగ్మెంట్లకు మామూలుగా 16000 నుంచి 23999 వరకు లేబుల్ నెంబర్లు కేటాయించి వుంటాయి. కాబట్టి పటాన్‌చెరుకు 16002, రుద్రారానికి 16003, శంకర్‌పల్లికి 16004, కందికి 16005, సంగారెడ్డికి 16006 అనుకుందాం. హైవే దారి లేబుళ్ళు పైనుంచి కిందికి: 16002, 16003, 16006. శంకర్‌పల్లి దారి లేబుళ్ళు: 16004, 16006.

ఇప్పుడు హైవే దారిన ఒక పాకెట్టును నడిపిద్దాం. ఎం.పి.ఎల్.ఎస్.లో ఒక ఆనవాయితీ వున్నది. ఒక లేబుల్ ఏ రూటర్‌ను చెబుతుందో, దానికి ఒక మెట్టు ముందున్న రూటరే ఆ లేబుల్‌ను తీసేస్తుంది. అందుచేత 16002ను లింగంపల్లే తీసేసి పటాన్‌చెరుకు పంపుతుంది. 16003ను పటాన్‌చెరు తీసేసి రుద్రారానికి పంపుతుంది. రుద్రారం 16006 చూసి కందికి నెడుతుంది. కంది 16006ను గూడ తీసేసి సంగారెడ్డికి పంపుతుంది.

సంగారెడ్డికి చేరిన పాకెట్టు మీద ఏం మిగిలింది? ఏమీ లేదు. శంకర్‌పల్లి మీదుగా వచ్చిన పాకెట్టు మీద గూడ ఏమీ లేదు. రెండూ కంది నుంచి ఒకే తీగ మీద వచ్చినై గనుక, ఏ తలుపులోంచి వచ్చిందో చూసి గూడ చెప్పలేం. మధ్య రూటర్లను అడిగితే అవి ఏమీ రాసుకోలేదు. దారి పాకెట్టు మీదనే రాసి వుండె, నడుస్తూ నడుస్తూ ఆ రాత చెరిగిపోయింది. మధ్య రూటర్ల బరువు తగ్గించినందుకు మనం చెల్లించిన మూల్యం ఇది.

కలిసిన నీళ్ళకు పేరుండదు

ఈ సంగతి మన ప్రాంతం వాళ్ళకు వేరే విధంగా ఎప్పుడో అనుభవమే. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, ఆ వాగు పోయి మంజీరలో కలిసేది. వాగు కింది రైతులు పొలాలు పాడయినయని మొత్తుకున్నారు. ఈ వ్యవహారం 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. వాగు చివర నిలబడి సీసాలో నీళ్ళు పట్టి పరీక్ష చేస్తే విషమున్నదని తెలుస్తుంది. అది ఏ గేటులోంచి వచ్చిందో ఆ సీసా ఒక్కటే చెప్పలేదు. ప్రతి గేటు దగ్గర కొలవాలి, ప్రతి ట్యాంకరుకు చీటీ వుండాలి, ఆ చీటీ దించేచోటి దాకా చెక్కుచెదరకుండా పోవాలి. అప్పుడే ఎవరిది ఎంత అన్నది తేలుతుంది.

వడ్ల విషయంలోనూ ఇంతే. పోయిన యాసంగిలో మా నాయిన వడ్లు కేంద్రంలో కాంటా అయిన తర్వాత లారీలో మిల్లుకు పోయినై. ఆ లారీలోనే ఇంకా ముగ్గురు రైతుల బస్తాలు వున్నై. మిల్లులో దించిన తర్వాత తొమ్మిది బస్తాలు తక్కువన్నారు. ఎవరి బస్తాలు తక్కువ? కేంద్రం దగ్గరనే తక్కువ ఎక్కించారా, దారిలో పోయినయా, మిల్లులో లెక్క తప్పిందా? గోనె సంచుల మీద పేర్లు లేవు. ట్రక్కు షీటు మీద మొత్తం మాత్రమే వున్నది. చివరికి తరుగు నలుగురికీ పంచారు. "ఎక్కడ పోయిందో లెక్క తేలకపోతే తరుగు మన నెత్తినే పడ్తది బిడ్డా" అన్నడు మా నాయిన. ఈ సంవత్సరం నెట్‌వర్క్ పాఠంలో పాకెట్ల నష్టం లెక్కించే అధ్యాయం చదువుతుంటే నాకు ఆ మాట అర్థం బాగా బోధపడింది. ఎక్కించేచోట లెక్క, దించేచోట లెక్క - రెండూ వుండాలి. అది మొత్తం లెక్క గాక, దారి దారికీ విడి లెక్కయి వుండాలి.

దారి గుర్తు

సెగ్మెంట్ రూటింగ్‌లో ఈ లోపాన్ని పూరించిన పత్రం ఆర్.ఎఫ్.సి. 9545. చైనా మొబైల్, హువావే, సిస్కో, బ్రాడ్‌కామ్ సంస్థల ఇంజనీర్లు రాసిన ఈ పత్రం ఫిబ్రవరి 2024లో వెలువడింది. దీనిలో 'పాత్ సెగ్మెంట్' అనే ఒక ప్రత్యేక లేబుల్‌ను ప్రవేశపెట్టారు. దీన్ని మనం దారి గుర్తు అందాం.

దారి గుర్తును ఇచ్చేది చివరి రూటర్. మన ఉదాహరణలో సంగారెడ్డి రూటర్ "హైవే దారికి 15101, శంకర్‌పల్లి దారికి 15102" అని తన దగ్గర రాసుకుని, ఆ సంగతి లింగంపల్లికి తెలియజేస్తుంది. మధ్యలో ఒక కంట్రోలర్ వుండి ఈ కబురు మోయవచ్చు. లింగంపల్లి ఆ గుర్తును దారి లేబుళ్ళన్నిటికీ అడుగున పెడుతుంది. అప్పుడు హైవే దొంతర ఇట్లా వుంటుంది: 16002, 16003, 16006, 15101.

మళ్ళీ నడిపిద్దాం. లింగంపల్లి, పటాన్‌చెరు, రుద్రారం మొదట చేసిన పనే చేస్తాయి. కంది 16006ను తీసేస్తుంది. సంగారెడ్డి చేతికి వచ్చేసరికి పైన 15101 కనపడుతుంది. "ఇది నేనిచ్చిన గుర్తే, హైవే దారిది" అని సంగారెడ్డి గుర్తుపట్టి, హైవే ఖాతాలో ఒకటి కలిపి, గుర్తును తీసేసి పాకెట్టును ముందుకు పంపుతుంది. మధ్య రూటర్లకు ఈ గుర్తుతో పని లేదు. అవి కొత్తగా ఏదీ రాసుకోవు. సెగ్మెంట్ రూటింగ్ సులువు పోలేదు, గుర్తు మాత్రం దక్కింది.

ఇక్కడ గమనించవలసినవి మూడున్నాయి. మొదటిది: ఈ నెంబరు సంగారెడ్డికి మాత్రమే అర్థమవుతుంది. జహీరాబాద్ రూటర్ గూడ 15101ను వేరే దారికి ఇచ్చుకోవచ్చు. సైకిల్ స్టాండు టోకెన్ ఆ స్టాండులోనే చెల్లినట్టు. రెండోది: మధ్యలో ఏ రూటర్ దగ్గరా ఈ గుర్తు పై లేబుల్‌గా బయటపడకూడదు. పడితే ఆ రూటర్ దాన్ని తన లేబుల్ అనుకుని తప్పుదారి పట్టించవచ్చు. మూడోది: లేబుల్ నెంబర్లలో 0 నుంచి 15 వరకు ప్రత్యేక పనులకు కేటాయించినవి గనుక వాటిని దారి గుర్తుగా వాడరాదు.

లెక్క ఎట్లా కట్టాలి?

దారి గుర్తు వున్నాక లెక్క సులభం. లింగంపల్లి హైవే దారిన 10,000 పాకెట్లు, శంకర్‌పల్లి దారిన 90,000 పాకెట్లు పంపిందనుకుందాం. సంగారెడ్డికి 15101 గుర్తుతో 9,700, 15102 గుర్తుతో 90,000 చేరినయి. గుర్తు లేకపోతే కనపడేది మొత్తం మాత్రమే: లక్షకు 99,700. నష్టం నూటికి 0.3. "ఫరవాలేదు" అని ఫైలు మూసేస్తారు. గుర్తు వుంటే హైవే దారిన నష్టం నూటికి 3 అని బయటపడుతుంది. అది మామూలు నష్టం కాదు. ఆ దారిన పోయే ఫోను మాట తెగిపోతుంది, వేలిముద్ర సర్వర్‌కు చేరదు. సగటు లెక్క చిన్న దారి గోడును మింగేస్తుంది.

మరో ఇబ్బంది వున్నది. లెక్క కట్టే క్షణానికి కొన్ని పాకెట్లు ఇంకా దారిలోనే వుంటాయి. అవి పోయినట్టా, రాబోతున్నట్టా? దీనికి రంగులు మార్చే పద్ధతి వున్నది (ఆర్.ఎఫ్.సి. 9341, 2022). కొంతసేపు పాకెట్లకు ఒక రంగు గుర్తు, తర్వాత కొంతసేపు రెండో రంగు గుర్తు వేస్తారు. రెండో రంగు నడుస్తున్నప్పుడు మొదటి రంగు లెక్కను నిదానంగా సరిచూస్తారు. ఇవాళ్టి లారీ బస్తాలను ఎర్ర సుతిలితో, రేపటి బస్తాలను తెల్ల సుతిలితో కుట్టినట్టు. ఎర్ర సుతిలి బస్తాలన్నీ దిగిన తర్వాతనే ఎర్ర లెక్క చూస్తాం.

కాలం కొలవడం

నష్టం తర్వాత చూడవలసింది ఆలస్యం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. తీగ పొడవు 40 కిలోమీటర్లనుకుంటే 200 మైక్రోసెకన్లు తప్పనిసరి. అంతకన్న ఎక్కువ పడితే మిగతాది రూటర్ల లోపల క్యూలో నిలబడ్డ కాలం.

దీన్ని కొలవడానికి స్టాంప్ అనే పద్ధతి (ఆర్.ఎఫ్.సి. 8762, 2020) వున్నది. దాన్ని సెగ్మెంట్ రూటింగ్‌కు తగినట్టు 2023లో ఆర్.ఎఫ్.సి. 9503 ద్వారా పొడిగించారు. ఒక పరీక్ష పాకెట్టు మీద బయలుదేరిన కాలం వేసి పంపుతారు. అవతలి రూటర్ తనకు చేరిన కాలం, తిరిగి పంపిన కాలం వేస్తుంది. పోయి రావడానికి మొత్తం 900 మైక్రోసెకన్లు పట్టి, అవతల 500 మైక్రోసెకన్లు ఆగిందనుకోండి. ప్రయాణ కాలం 400. సగం చేస్తే ఒక వైపుకు 200. రెండు గడియారాలు సరిగ్గా కలవకపోయినా ఈ లెక్క చెల్లుతుంది.

కాని సగం చేయడానికి మనకేం హక్కున్నది? హైవే దారిన పోయి శంకర్‌పల్లి దారిన తిరిగొస్తే రెండు సగాలూ సమానం కావు. ఇక్కడ గూడ దారి గుర్తే ఆదుకుంటుంది. పోయే దారి గుర్తును, వచ్చే దారి గుర్తును జోడుగా కట్టి, వచ్చిన దారినే తిరిగి పంపవచ్చు.

వేరొక పద్ధతి నాకు ముచ్చటగా తోచింది. జూలై 2018 నాటి ఆర్.ఎఫ్.సి. 8403 ప్రకారం ఒకే ఒక్క పరీక్షా కేంద్రం పెట్టుకుంటే చాలు. అది పాకెట్టు మీద "పటాన్‌చెరు, రుద్రారం, కంది, శంకర్‌పల్లి, మళ్ళీ నా దగ్గరికే" అని లేబుళ్ళు పేర్చి వదులుతుంది. పాకెట్టు తిరిగొస్తే దారి బాగున్నట్టు. రాకపోతే చుట్టును చిన్నది చేస్తూ పోయి తెగిన ముక్కను పట్టుకోవచ్చు. బయలుదేరినచోటే తిరిగి చేరుతుంది గనుక ఒకే గడియారం సరిపోతుంది.

ఒకే కంప్యూటర్‌లో ఆరు రూటర్లు

ఇవన్నీ చూడాలంటే లక్షల రూపాయల రూటర్లు కావాలేమో అని జంకనక్కర్లేదు. లైనెక్స్ వున్న ఒక మామూలు కంప్యూటర్ చాలు. మా ల్యాబులో నేనూ, ఇద్దరు మిత్రులూ కలిసి 'నెట్‌వర్క్ నేమ్‌స్పేస్' అనే సదుపాయంతో ఒకే కంప్యూటర్‌లో ఆరు గదులు కట్టి, వాటికి పైన చెప్పిన ఊళ్ళ పేర్లే పెట్టుకున్నాం. లైనెక్స్‌లో ఎం.పి.ఎల్.ఎస్. లేబుళ్ళ గరిష్ఠ సంఖ్య మొదట సున్నాగా వుంటుంది. దాన్ని 17000కు పెంచుకుంటేనే మన లేబుళ్ళు పనిచేస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత లింగంపల్లి గదిలో దొంతర పేర్చే ఆదేశం, మిగతా గదుల్లో ఒక్కొక్క లేబుల్‌కు ఒక్కొక్క ఆదేశం ఇవ్వాలి.

'టీసీపీడంప్' అనే సాధనాన్ని కంది, సంగారెడ్డి మధ్య తీగ మీద కాపలా పెట్టి చూస్తే పాఠమంతా కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది. దారి గుర్తు పెట్టక ముందు రెండు దార్ల పాకెట్లూ కవలపిల్లల్లాగా ఒకే తీరుగా వచ్చినై. పెట్టిన తర్వాత ఒకదాని నెత్తిన 15101, మరొకదాని నెత్తిన 15102. హైవే తీగ మీద కావాలని కొన్ని పాకెట్లు రాలిపోయేటట్టు చేస్తే, తరుగు 15101 ఖాతాలోనే పడింది. 15102 ఖాతా చెక్కుచెదరలేదు. పుస్తకంలో రెండు పేజీలు చదివినదానికన్న, స్క్రీన్ మీద ఆ రెండు నెంబర్లు విడివిడిగా కదలడం చూసినప్పుడే నాకు విషయం పట్టుబడింది.

రెండో శాఖ సంగతి గూడ ఒక్క మాట. ఐ.పి. ఆరో వెర్షన్‌తో చేసే సెగ్మెంట్ రూటింగ్‌లో సెగ్మెంట్ల జాబితా పాకెట్టు తలకట్టులో వుంటుంది. దాన్ని నడుస్తూ చింపెయ్యరు. ఎంత దాకా వచ్చామో చూపే ముల్లు మాత్రం కదులుతుంది. కాబట్టి చివరి రూటర్ ఆ జాబితా చూసి దారి తెలుసుకోవచ్చు. అయితే ఒక్కొక్క చిరునామా 16 బైట్లు గనుక బరువెక్కువ. ఆ బరువు తగ్గించడానికి చివరికి ఒక మెట్టు ముందే జాబితాను తీసేసే వెసులుబాటు పెట్టుకుంటే మళ్ళీ మొదటి చిక్కే వస్తుంది. లైనెక్స్‌లో ఈ శాఖ 2017లో వచ్చిన 4.10 వెర్షన్ నుంచి వున్నది.

ఈ పద్ధతికి హద్దులు

దారి గుర్తు వుంటే అన్నీ తేలుతాయని చెప్పడం సరికాదు. గుర్తు చెప్పేది "ఈ జాబితా ప్రకారం పోయింది" అని మాత్రమే. "పటాన్‌చెరు దాకా దగ్గరి దారిన పో" అన్నప్పుడు, సమానమైన దగ్గరి దార్లు రెండుంటే రూటర్ పాకెట్లను రెండింటికీ పంచుతుంది. ఏ తీగ ఎక్కిందో గుర్తు చెప్పదు. అది గూడ కావాలంటే తీగ తీగకూ విడి సెగ్మెంట్ పెట్టాలి. అప్పుడు దొంతర పొడవు పెరుగుతుంది.

దొంతర పొడవుకు గూడ హద్దున్నది. ఒక్కొక్క లేబుల్ 4 బైట్లు. ఒక రూటర్ ఒకేసారి ఎన్ని లేబుళ్ళు పేర్చగలదో దాని చిప్ మీద ఆధారపడి వుంటుంది. దారి గుర్తు ఆ జాగాలో ఒకటి ఆక్రమిస్తుంది. పొడవైన దారినయితే ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఒక గుర్తు, మొత్తానికి ఒక గుర్తు పెట్టే మార్గం గూడ ఆ పత్రంలో చెప్పారు.

అన్నిటికన్న ముఖ్యమైన హద్దు వేరే వున్నది. పరీక్ష పాకెట్టు క్షేమంగా పోయి వచ్చినంత మాత్రాన జనం పాకెట్లు క్షేమంగా పోయినట్టు గాదు. మంత్రిగారు వచ్చే రోజున రోడ్డు ఊడ్చినట్టు, పరీక్ష పాకెట్టుకు మంచి దారి దొరికి, మామూలు పాకెట్టు గుంతలో పడవచ్చు. అందుకే పరీక్ష పాకెట్లతో బాటు అసలు పాకెట్లను గూడ లెక్కించాలి. ఆ లెక్కకే దారి గుర్తు.

మన ఊళ్ళకు దీనితో ఏం పని?

తెలంగాణలో టి-ఫైబర్ తీగను మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల వెంట పరిచారు. దేశమంతటా గ్రామ పంచాయతీలను కలిపే భారత్‌నెట్‌కు ఆగస్టు 2023లో కేంద్ర మంత్రివర్గం సవరించిన కార్యక్రమాన్ని ఆమోదించింది. దాని అంచనా లక్షా 39 వేల కోట్ల రూపాయలకు పైమాటే. ఒంటి తీగకు బదులు రింగు ఆకారం, ఐ.పి.-ఎం.పి.ఎల్.ఎస్. నెట్‌వర్క్ అన్నది దాని రూపకల్పన. రింగు అంటే ఒకవైపు జేసీబీ తీగ తెంపినా రెండోవైపు నుంచి పని నడవాలి. మంచిదే. కాని రెండు దార్లు వచ్చిన మరుక్షణం "ఏ దారిన?" అన్న ప్రశ్న గూడ వస్తుంది. ఒక దారి సగం చచ్చి, సగం బతికి వుంటే, గుర్తు లేని నెట్‌వర్క్‌లో అది నెలల తరబడి ఎవరి కంటా పడకుండా వుండిపోవచ్చు.

మన సంగారెడ్డి జిల్లాలోనే కందిలో ఐ.ఐ.టి. వున్నది, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ వున్నది. వాటి చుట్టూ పాశమైలారం, బొల్లారం కార్ఖానాలున్నాయి. ఆ కార్ఖానాల్లో నెలజీతానికి పనిచేసేవాళ్ళూ, చుట్టుపక్కల వడ్లు, పత్తి పండించేవాళ్ళూ వున్నారు. వీళ్ళందరి పనీ ఇవాళ తీగ మీదనే నడుస్తున్నది. తీగ వేయడానికి డబ్బు మంజూరు చేసే అధికారులను మనం ఎన్ని కిలోమీటర్లు వేశారని అడుగుతాం. ఇకమీదట ఇంకో మూడు ప్రశ్నలు గూడ అడగాలని నా మనవి. దారి దారికీ నష్టం ఎంత? ఆలస్యం ఎంత? ఆ లెక్క జనం చూడటానికి ఎక్కడ పెడతారు?

లెక్చరర్ గార్లకు ఒక విన్నపం. ఈ ప్రయోగానికి ఖర్చు లేదు, పాత కంప్యూటర్ చాలు. ఒక మధ్యాహ్నం ల్యాబు గంటలో దీన్ని పెడితే, లేబుల్ అంటే పరీక్షలో రాసే నిర్వచనం మాత్రమే గాదని మా తర్వాతి బ్యాచి వాళ్ళకు తెలుస్తుంది. తోటి విద్యార్థులకు ఒక మాట. ఎక్కడైనా "నెట్ లేదు" అని వినపడితే అక్కడితో ఊరుకోకండి. ఏ దారిన లేదు, ఎప్పటినుంచి లేదు అని అడగండి. జవాబు చెప్పే ఏర్పాటు ఇప్పుడు వున్నది. అడిగేవాళ్ళుంటేనే దాన్ని వాడతారు.